ఎవరికి, ఎందుకు? - వక్తకును రచయితకును పాల్కురికి సోమనాథుని పాఠము

వైశాఖ శుద్ధ తదియనాడు ఊరూర బసవ జయంతి జరుగును. మఠము ముంగిట పందిరి వేయుదురు. బసవేశ్వరుని పటమునకు పూలదండ వేసి, విభూతి పెట్టి, హారతి ఇత్తురు. పిదప ఉపన్యాసము. వక్త విద్వాంసుడే. షట్‌స్థలములు, అష్టావరణములు, పంచాచారములు ఒకదాని వెంట ఒకటి క్రమము తప్పక చెప్పుకొని పోవును. ఆగమ ప్రమాణములు ధారాళముగా వచ్చును. అరగంట గడచుసరికి వెనుక వరుసలలోని తల్లులు పిల్లలను జోకొట్టుచుందురు. యువకులు దాసోహమునకు విస్తళ్లు సర్దు నెపమున ఒక్కొక్కరే లేచిపోవుదురు. సభ ముగిసిన తరువాత, "అయ్యగారు చాల గొప్పగా మాట్లాడినారు" అని అందరును అందురు. "ఏమి చెప్పినారు నాయనా?" అని ఇంటి దగ్గర ఉండిపోయిన అవ్వ అడిగినచో బదులు చెప్పగలవారు అరుదు.

ఇందు వక్త పాండిత్యమునకు కొరత లేదు. శ్రోతల భక్తికిని కొరత లేదు. జరిగిన లోపము వక్త వేదిక ఎక్కుటకు ముందే జరిగినది. షట్‌స్థలములను గురించి చెప్పవలెనని ఆయన నిశ్చయించుకొన్నాడు. అంతతో సిద్ధమైతినని తలచినాడు. కాని షట్‌స్థలములనునది విషయము మాత్రమే. ఆ విషయమును ఈ పందిరి క్రింద కూర్చున్నవారికి ఎందుకు చెప్పవలెను, విని ఇంటికి పోయిన తరువాత వారియందు ఏ మార్పు రావలెను అనునది ప్రయోజనము. విషయము తెలిసి ప్రయోజనము తెలియనివాని ప్రసంగము ఊరి పేరు తెలియక బండి కట్టినవాని ప్రయాణము వంటిది. ఎద్దులు మంచివే, బండియు మంచిదే, దారియు బాగుగనే ఉన్నది. ఎక్కడ దిగవలెనో మాత్రము ఎవరికిని తెలియదు.

మన పూర్వులు ఈ సంగతిని ఎరుగనివారు కారు. శాస్త్రగ్రంథము ఆరంభించువాడు నాలుగింటిని ముందుగ తేల్చుకొనవలెనని నియమము చేసినారు. గ్రంథములో చెప్పబడునది విషయము. దానివలన కలుగు ఫలము ప్రయోజనము. ఆ రెంటికిని గల పొత్తు సంబంధము. చదువుటకు తగినవాడు అధికారి. వీనికే అనుబంధ చతుష్టయమని పేరు. విద్యార్థులు పరీక్షకొరకు ఈ నాలుగు పేర్లను వల్లించి మరచిపోవుదురు గాని, ఇవి వల్లించుటకు ఏర్పడినవి కావు. ఈ నాలుగింటిలో విషయమొక్కటి మాత్రమే గ్రంథమునకు చెందినది. ప్రయోజనమును అధికారియు చదువరి పక్షమునకు చెందినవి. చదువరిని తలచుకొననిదే గ్రంథము మొదలుకారాదనుట ఈ నియమములోని అంతరార్థము.

శాస్త్రకారులు సూత్రముగా చెప్పిన దానిని తెలుగున ఆచరించి చూపిన మహనీయుడు పాల్కురికి సోమనాథుడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన ఊరు. ఆయన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు; కాకతీయుల కాలమువాడనుటలో భేదము లేదు. ఆనాటికి తెలుగున కావ్యమనగా చంపువు. నన్నయ వేసిన బాట అదియే. వృత్తములు, కందములు, నడుమ వచనము, సంస్కృత సమాసముల గాంభీర్యము - ఇవి ఉన్నచో కవి. లేనిచో కవి కాడు. సోమనాథునికి ఆ విద్య రాదనుటకు వీలులేదు. ఆయన రచించిన అనుభవసారము, వృషాధిప శతకము పద్యములే. సోమనాథ భాష్యము సంస్కృతమున వ్రాసినదే. పద్యముపై అంతటి చేయి గలవాడు బసవని కథ చెప్పవలసి వచ్చినప్పుడు చంపువును ప్రక్కకు పెట్టి ద్విపదను చేపట్టినాడు.

ఎందుకు? ఆ ఎందుకును ఆయన దాచుకొనలేదు. బసవపురాణ అవతారికలోనే చెప్పినాడు. దాని సారాంశమును మన మాటలలో చెప్పుకొనవచ్చును. గద్యపద్యములతో నిండిన ప్రౌఢ రచనకంటె జానుతెనుగు సరసమైనదనియు, అది సర్వసామాన్యమైనదనియు, అందుచేతనే ద్విపదలు కూర్చుచున్నాననియు ఆయన వాక్కు. "సర్వసామాన్యము" అను ఆ ఒక్క మాటలో శాస్త్రకారులు చెప్పిన అధికారి ఎవరో తేలిపోయినది. రాజసభలోని విద్వాంసుడు కాదు, అలంకార శాస్త్రము చదివిన రసికుడు కాదు. తెలుగు మాట్లాడు ప్రతివాడును ఈ పురాణమునకు అధికారియే. అధికారి తేలిన పిదప భాష తేలినది. భాష తేలిన పిదప ఛందస్సు తేలినది. ఈ వరుసను గమనింపవలెను. నేడు చాలమంది దీనిని తలక్రిందులు చేయుదురు. మొదట తమకు వచ్చిన శైలిని ఎన్నుకొందురు, ఆ శైలిలో ఇముడు విషయమును వెదకుదురు, చిట్టచివర శ్రోతలు దొరకుదురేమోనని చూతురు.

ద్విపద ఈ పనికి ఎట్లు సరిపోయినదో కొంచెము విచారింపవలెను. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. అట్టి పాదములు రెండు. అంతియే. పాదము ఒక ఊపిరిలో ముగియును. రెండవ అక్షరముననున్న ప్రాస మొదటి పాదమునుండి రెండవ పాదమునకు చెవిని పట్టుకొని నడిపించును. అక్షరములు రానివారు సైతము నాలుగు సార్లు వినినచో ముఖస్థము చేసికొందురు. తిరుగలి విసరుచు పాడవచ్చును, దారి నడచుచు పాడవచ్చును, పదిమంది కూడి పాడవచ్చును. శార్దూల మత్తేభములకు ఈ సౌలభ్యము లేదు. అవి చదివించుకొను పద్యములు, ద్విపద పాడించుకొనును. పుస్తకమన్నచో తాళపత్రములే అయిన ఆ రోజులలో సామాన్యునికి గ్రంథము చేరవలెనన్న కంఠమే దారి. ఆ దారికి తగిన బండిని కవి ఎన్నుకొన్నాడు.

ఆ కంఠములను ఆయన దూరమునుండి ఊహించుకొన్నవాడు కాడు, దగ్గరగా విన్నవాడు. దీనికి నిదర్శనము పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణము. శివరాత్రికి శ్రీశైలము ఎక్కు యాత్రికులు ఏమేమి పాడుకొనుచు పోవుదురో, అచ్చట ఏ ఆటలు ఆడుదురో ఆయన పేరుపేరున చెప్పినాడు. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు - ఇట్లు సాగును ఆ పట్టిక. తెలుగువారి పాటలను గూర్చి పరిశోధించువారు నేటికిని మొదట తెరచునది ఈ పుటలనే. పరిశోధకులకొరకు ఆయన దానిని వ్రాయలేదనుట స్పష్టము. తాను ఎవరికి చెప్పబోవుచున్నాడో వారి నోటిలో ఏ పాట ఉన్నదో వినిన కవి కాబట్టి అది కావ్యములోనికి తానుగా వచ్చినది. శ్రోతలను తెలిసికొనుట అనగా వారి కులము, వయస్సు, చదువు లెక్కించుట మాత్రమే కాదు. వారు తమలో తాము మాట్లాడుకొనునప్పుడు ఎట్లు మాట్లాడుదురో వినుట.

ఇక కథల ఎన్నిక. బసవపురాణమున బసవేశ్వరుని చరిత్రతోబాటు ఎందరో భక్తుల కథలున్నవి. వానిలో బెజ్జమహాదేవి కథ ఒకటి. ఆమెకు ఒక సందేహము కలిగినది. లోకమున అందరికిని తల్లి ఉన్నది, శివునికి మాత్రము తల్లి లేదే! తల్లియే ఉన్నచో బిడ్డను బూడిద పూసికొననిచ్చునా, పాములను మెడలో వేసికొననిచ్చునా, తోలు కట్టుకొని శ్మశానములలో తిరుగనిచ్చునా? తల్లి లేకపోబట్టియే శివునికి ఈ గతి పట్టినదని ఆమె కుమిలిపోయినది. తానే తల్లి అయినది. లింగమునకు నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, ఉగ్గుపాలు పట్టినది. ఒకనాడు శివుడు అంగిటిముల్లు వచ్చిన పసిబిడ్డవలె పాలు త్రాగక మొండికెత్తినాడు. ఆ తల్లి పడిన ఆరాటము ఇంతింత కాదు.

ఈ కథలో ఒక్క శాస్త్రపదము లేదు. కాని వాత్సల్యభక్తిని గూర్చి వేయి వాక్యములు చెప్పినను కలుగని బోధ ఇందున్నది. అంగిటిముల్లు అను మాట వినినంతనే బిడ్డను పెంచిన ప్రతి స్త్రీయు ఉలికిపడును. నలుగు, కాటుక, ఉగ్గు - ఇవి ఆమె చేతిలోని పనులు. నీవు ప్రతిదినము బిడ్డకు చేయుచున్నదే భక్తి, అది నీకు తెలియనిది కాదు అని చెప్పుట ఈ కథ ప్రయోజనము. దేవాలయపు గడప దాటి గర్భగుడికి పోవు హక్కు లేనివారికి, వేదము చదువు హక్కు లేనివారికి ఆ మాట చేరవలసి ఉండెను. సోమనాథునికి ఆ సంగతి తెలియును. అందుచేతనే ఆయన కథ కాటుక భరిణెవరకు దిగివచ్చినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. సామాన్యులకు చెప్పవలెనన్న తత్త్వమును పలుచన చేయవలెనా? పాలలో నీళ్లు కలిపి పంచుట వంటిది కాదా? సోమనాథుని కాలమునను ఇట్టివారు ఉండి ఉందురు. లేనిచో ఆయన ముందుగనే సమాధానము చెప్పవలసిన పని లేదు. తెలుగు మాటలే కదా అని చులకన చేయవలదనియు, వీనిని వేదములతో సమానముగ చూడవలెననియు ఆయన కోరినాడు. దానికి చూపిన ఉపమానము ఏ కావ్యమునుండియో తెచ్చినది కాదు, ధాన్యపు కొట్టునుండి తెచ్చినది. తూము పెద్ద కొలత. సోల చిన్న కొలత. తూము సరియైన కొలతయే అయినచో సోలయు సరియైన కొలతయే కదా అని ఆయన ప్రశ్న. సోలతో కొలిచినంత మాత్రమున బియ్యము తాలు గింజలు కావు. అన్నము వండుకొను ఇల్లాలికి తూము పనికిరాదు, సోలయే కావలెను. సోలలో నిండుగ కొలుచుట ఒకటి, వెలితిగ కొలుచుట ఒకటి. సులభముగ చెప్పుచున్నామను పేరిట వెలితిగ కొలుచువారు ఈ భేదమును గుర్తింపవలెను. బెజ్జమహాదేవి కథ నిండు సోల.

సోమనాథుడు అన్ని రచనలను ద్విపదలోనే చేసియుండినచో అది ఆయన అలవాటని సరిపెట్టుకొనవచ్చును. అట్లు చేయలేదు. శ్రుతి స్మృతి ప్రమాణములను చూపి పండితులను ఒప్పింపవలసిన చోట సంస్కృత భాష్యము వ్రాసినాడు. బసవనితో తాను ముఖాముఖిగ మాటలాడుకొనవలెనని తోచినప్పుడు "బసవా" అని పిలుచు మకుటముతో శతకము చెప్పినాడు. ఆ శతకములోనే తమిళ, కన్నడ, మరాఠ భాషల పలుకులతోను పద్యములున్నవి. శ్రీశైలమునకు వచ్చు భక్తులు ఒక్క భాషవారు కారనుట ఇచ్చట గుర్తుకు తెచ్చుకొనవచ్చును. పని మారినకొలది పనిముట్టు మారినది.

తరువాతి వారును ఈ సూక్ష్మమును గ్రహించినారు. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమునకు తెచ్చినప్పుడు తెలుగు ద్విపదను పట్టుకొని వ్రేలాడలేదు. కన్నడిగుల చెవికి ఇంపైన భామినీ షట్పదిలో చెప్పినాడు. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి దానిని పరిష్కరించి విపులమైన పీఠికతో ప్రకటించినప్పుడు ఆయన ఎదుటనున్నవారు చరిత్రమును, భాషను విచారించు చదువరులు. వెల్చేరు నారాయణరావు 1990లో ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు పాట పోయినను కథ నిలువవలెనని గద్యమును ఎన్నుకొన్నారు. బసవడు ఒక్కడే, వినువారు మారినారు.

సోమనాథునికి ఈ వివేకము ఎచ్చటనుండి వచ్చినదన్న ప్రశ్నకు సమాధానము దూరమున లేదు. ఆయన కీర్తించిన శరణుల మార్గమే అది. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి, రాజ్యవ్యవహారము నడిపినవాడు. ఆయన పలికినది కన్నడ వచనము. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య కూర్చున్న సభలో మాట ఎట్లుండవలెనో ఆయన ఎరుగును. వచనమును నేడు పుస్తకములో ఒంటరిగ చదువుట మనకు అలవాటైనది. కాని చాల వచనములు ఎవరో ఒకరికి చెప్పిన బదుళ్లు. పదునైదవ శతాబ్దిలో శూన్యసంపాదనమును కూర్చినవారు ఈ సంగతిని కనిపెట్టి వచనములను సంభాషణలుగ అమర్చినారు.

అందలి అల్లమప్రభువును చూడవలెను. అజగణ్ణను పోగొట్టుకొని దుఃఖించుచున్న ముక్తాయక్కతో ఆయన మాటలాడు తీరు వేరు. అచ్చట ఉపన్యాసము లేదు. ప్రశ్న, బదులు, మరల ప్రశ్న. సొన్నలిగెలో చెరువులు, గుడులు కట్టించుటలో మునిగియున్న సిద్ధరామునితో మాటలాడు తీరు వేరు. అచ్చట మాట ఉలి దెబ్బవలె పడును, ఎందుకన ఆ కార్యదీక్షలో దాగియున్న అహంకారము మెత్తని మాటకు కదలదు. కల్యాణమునకు వచ్చిన అక్కమహాదేవిని సభ ఎదుట నిలిపి అడుగుట వేరు. అచ్చటి కాఠిన్యము ఆమెను తగ్గించుటకు కాదు, ఆమె ఎంతటిదో సభకు తెలియుటకు. ముగ్గురికిని ఒకే ఉపన్యాసము చెప్పియుండినచో ముక్తాయక్క దుఃఖము పెరిగెడిది, సిద్ధరాముని గర్వము మిగిలెడిది.

అయినను, ప్రయోజనమెరిగిన పలుకునకు ఒకే ఒక ఉదాహరణము చూపుమన్నచో అల్లమునికంటె ముందు ఆయ్దక్కి లక్కమ్మను చూపవలెను. ఆమె భర్త మారయ్య. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. దానితోనే జంగమ దాసోహము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ మూటను చూచినది. ఈ ఆశ మనకెందుకు, ఎక్కువైన దానిని తెచ్చినచోటనే పోసి రమ్మని చెప్పినది. ఆమె మాట వినినది ఒకే ఒక శ్రోత. ఆమె కోరిన ఫలము కంటికి కనబడునది: బియ్యము తిరిగి పోవలెను. మారయ్య మూట ఎత్తుకొని తిరిగి పోయినాడు. దురాశ దుఃఖమునకు మూలమని ఆమె గంటసేపు చెప్పియుండవచ్చును. మారయ్య తల ఊచియుండవచ్చును. బియ్యము మాత్రము ఇంటిలోనే ఉండెడిది.

ఈ కథనే ఆధారముగ చేసికొని అభ్యాసము చేయవచ్చును. మఠపు వసతిగృహములోని పదవ తరగతి విద్యార్థులకు కాయకమును గూర్చి చెప్పవలెననుకొందము. కాయమనగా శరీరము, కాయమునకు సంబంధించినది కాయకము అని వ్యుత్పత్తితో మొదలిడుట పండితుల కలవాటు. విద్యార్థి దానిని పరీక్షలో వచ్చు ప్రశ్నయని తలచి వ్రాసికొనును, తరువాత మరచును. దానికి బదులు వక్త ముందుగ ఒక కాగితముపై ఒక వాక్యము వ్రాసికొనవలెను: "తన పళ్లెము తాను కడుగుకొనుట, తన గది తాను ఊడ్చుకొనుట చిన్నతనము కాదని ఈ పిల్లలకు తోచవలెను." ఈ వాక్యము ఎదుటనున్నచో ప్రసంగము తానుగ రూపు దాల్చును. అప్పుడు కథలో వంగి గింజలు ఏరుచున్న మారయ్య ముందునకు వచ్చును. ఆ వంగిన నడుము, ఆ పనిచేసినవానికి శరణుల సభలో దొరకిన ఆసనము - ఇవి చెప్పవలసినవి. మూట తిరిగి పోసిన ఘట్టమును రెండు మాటలలో దాటవచ్చును.

అదే కథను కొత్త దంపతులకు పెండ్లినాడు చెప్పవలసి వచ్చినచో వాక్యము వేరగును. భార్య తప్పును చూపగలుగుట, భర్త దానిని వినగలుగుట అప్పుడు ప్రధానము. మారయ్య కోపించుకొనక మూట ఎత్తుకొనిన క్షణమువద్ద వక్త ఆగవలెను. గింజలు ఏరుట నేపథ్యమునకు పోవును. మఠము నిధికి చందాలు వసూలుచేయు సంఘ సభ్యులకు చెప్పినచో మూడవ వాక్యము: అవసరమునకు మించి వచ్చిన దానిని ఏమి చేయవలెను? అప్పుడు ప్రధానమైనది మూట. ఒకే కథ, మూడు ప్రసంగములు. కథ ఎట్లును చేతిలో ఉన్నది కదా అని మూడింటిని ఒకే సభలో చెప్పినచో పిల్లలకు దాంపత్యమును, దంపతులకు చందాలను బోధించినట్లగును. ఉత్సాహవంతులైన వక్తలు ఈ గోతిలో తరచు పడుదురు. తెలిసినదంతయు చెప్పక విడుచుట వారికి కష్టము. పాలు పొంగిపోవుచున్నప్పుడు మంట తగ్గింపనివానికి వంట వచ్చునని ఎవరందురు?

లింగైక్యులైన పెద్దల సంతాప సభలో ఈ వివేకము మరింత అవసరము. అచ్చట ముందు వరుసలో కూర్చున్నది భార్యయో, కొడుకో, కూతురో. జీవన్ముక్తి లక్షణములను వివరించుటకు అది చోటు కాదు. పోయినవారు చేసిన మంచి పని ఒకటి, అంతవరకు ఆ కుటుంబమునకు తెలియనిది, చెప్పగలిగినచో చాలును. ఐదు నిమిషములకు మించనక్కరలేదు.

రచనకు వచ్చినచో కష్టము రెండింతలు. సభలో శ్రోతల ముఖములు ఎదుట ఉండును, ఆవులించువాడు కనబడును, వక్త దారి మార్చుకొనవచ్చును. రచయితకు చదువరి కనబడడు. అందుచేతనే పత్రికలకు వచ్చు వ్యాసములలో అనేకము ఒకే అచ్చున పోసినట్లుండును: బసవేశ్వరుని బాగేవాడి జననముతో మొదలై, ఉపనయన నిరాకరణము, కూడలసంగమము, మంత్రి పదవి, అనుభవ మంటపము మీదుగ మరల సంగమమున లింగైక్యముతో ముగియును. అందు తప్పేమియు లేదు. ప్రతి సంచికలోను దానినే చదివిన గృహస్థునకు ఉపయోగము మాత్రము తక్కువ. అదే రచయిత ఒక చదువరిని కన్నుల ఎదుట నిలుపుకొన్నచో - పట్టణమునకు ఉద్యోగమునకై పోయి, ఇష్టలింగమును మెడలో ధరించుటకు బిడియపడుచున్న ఒక యువకుని తలచుకొన్నచో - అంత జీవితచరిత్ర అక్కరలేదు. ఉపనయనమును కాదని తండ్రి ఇల్లు విడిచిన బాలుని నిర్భయత ఒక్కటి చాలును. వ్యాసము రెండు పుటలలో ముగియును. ఆ యువకుడు దానిని కత్తిరించి దాచుకొనును.

ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి జీవితము ఈ సందర్భమున స్మరింపదగినది. ఆయన వృత్తిచేత విజాపురమున న్యాయవాది. ఆనాడు వచనముల తాళపత్రములు ఇండ్లలోను మఠములలోను కట్టలుగ నిలిచియుండెను. పూజించువారు ఉండిరి గాని విప్పి చదువువారు తక్కువ. వానిని గూర్చి పాండిత్య వ్యాసములు వ్రాసి పేరు తెచ్చుకొను దారి ఆయనకు తెరచియే ఉన్నది. ఆయన చేయదలచినది అది కాదు. చదువు వచ్చిన ప్రతి కన్నడిగుని చేతికి వచనము చేరవలెనన్నది ఆయన నిశ్చయము. అందుచేత ఊరూర తిరిగి ప్రతులు సేకరించినాడు. వచనములను విషయక్రమమున అమర్చి 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును వెలువరించినాడు. 1926లో శివానుభవ పత్రికను నెలకొల్పినాడు. అచ్చుపనికి డబ్బు చాలక సొంత ఇల్లు అమ్ముకొన్నాడు. ఏది ప్రయోజనమో తెలిసినవానికి ఏది విడువవలెనో తెలియుట కష్టము కాలేదు.

రాబోవు జయంతికి ప్రసంగింపబోవువారు ఇప్పటినుండియే పుస్తకములు ముందు వేసికొని కూర్చుందురు. పుస్తకములు విప్పుటకు ముందు పైన చెప్పిన ఒక్క వాక్యమును వ్రాసికొనవలెను. అది "బసవేశ్వరుని తత్త్వము" అని శీర్షికవలె ఉండరాదు. "విన్నవారు ఇది చేయవలెను" అనియో, "ఈ భయము విడువవలెను" అనియో, "ఈ పొరుగువానిని ఇకమీద ఇట్లు చూడవలెను" అనియో క్రియతో ముగియవలెను. వ్రాసినదానిని సభకు పోవుటకు ముందు ఇంటిలోని అవ్వకు చదివి వినిపింపవచ్చును. ఆమె విని, "అయితే మన వీధిలో మొదట ఎవరికి చెప్పుదువు?" అని అడిగినచో వాక్యము కుదిరినట్లు. "అట్లనా నాయనా" అని వత్తి చేసికొనుటలో మునిగిపోయినచో కాగితము మార్చవలెను.